సమాధుల రిజిస్టరులో రెండేసి ప్రశ్నార్థకాలు

2023 ఆగస్టు. సికింద్రాబాద్‌లో మా క్రైస్తవ సంఘానికి చెందిన పాత సమాధుల తోట ఉంది. దాని గేటు పక్కన రేకుల కప్పుతో ఒక గది. అందులో ఒక బీరువా, ఒక కంప్యూటరు, గోడకు వాక్యాల క్యాలెండరు. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, పెద్ద పెద్ద గోదాముల్లో పనిచేశాను కానీ, నా ఉద్యోగ జీవితంలో మరిచిపోలేని కేసు ఏదంటే ఆ రేకుల గదిలోదే చెబుతాను.

నేను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని. పద్దెనిమిదేళ్ల సర్వీసు. పేర్లు, తేదీలు, నంబర్లు పోకుండా, పాడవకుండా, అడిగిన వెంటనే దొరికేలా చూడటం మా పని. అన్నీ సజావుగా ఉన్నంతకాలం మేమంటూ ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. ఒక్క పేరు గల్లంతైతే మాత్రం మా పేరు అందరి నోటా ఉంటుంది.

ఆ సమాధుల రిజిస్టరుతో నాకు పాత తగాదా ఉంది. 2016లో కమిటీ వాళ్లు చేతిరాత రిజిస్టర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తామన్నారు. ఎవరూ అడగకపోయినా బాధ్యతగల సభ్యురాలిగా నేను రెండు పేజీల ఉత్తరం రాశాను. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, బ్యాకప్ ఎక్కడ దాచాలి, అన్నిటికన్నా ముఖ్యంగా క్యారెక్టర్ సెట్ ఏది పెట్టాలి అని. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, బైట్లు అనే అంకెలు మాత్రమే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టికను క్యారెక్టర్ సెట్ అంటారు. పట్టిక సరైనది కాకపోతే లోపల దాచిన పేరు బయటికి వేరే వేషంలో వస్తుంది. మన తోటలో తెలుగు రాళ్లున్నాయి, తమిళ రాళ్లున్నాయి, ఒక వరసలో చైనా రాళ్లు కూడా ఉన్నాయి కాబట్టి మామూలు ఇంగ్లీషు పట్టిక, అంటే latin1, చాలదని, ప్రపంచ భాషలన్నీ పట్టే utf8 పెట్టాలని రాశాను.

కమిటీ కార్యదర్శి జయకర్ మాస్టారు ఆ ఉత్తరాన్ని నిలబడే చదివారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను ఉంటుంది.

"కరుణమ్మా, ఉత్తరం బాగుంది. రెండో పేజీలో మార్జిన్ వదల్లేదు" అన్నారు.

అంతే. ఆ పని ట్రెజరరు గారి బావమరిది కంపెనీకి వెళ్లింది. వాళ్లు latin1 పెట్టి, తెలుగు, తమిళ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించి ఊరుకున్నారు. ప్రారంభోత్సవం రోజు బావమరిదికి శాలువా కప్పారు. టీ పోసినవాళ్లకు కూడా స్టేజీ మీద థాంక్స్ చెప్పారు. ఆ సందర్భంగా వేసిన సంఘం సంచికలో నా పేరు 'తదితరులు' అన్న మాటలో ఉందని మాస్టారే నాకు చెప్పారు. ఆ ఉత్తరం నకలు, ఆ సంచిక, రెండూ నా దగ్గర ఒకే ఫైల్లో భద్రంగా ఉన్నాయి.

ఏడేళ్ల తర్వాత ఆ ఫైలు తెరవాల్సి వచ్చింది లిల్లీ ఆంటీ వల్ల.

లిల్లీ ఆంటీకి అప్పుడు డెబ్బై ఆరేళ్లు. అల్వాల్‌లో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. వాళ్ల నాన్న చైనా నుంచి యువకుడిగా వచ్చి సికింద్రాబాద్‌లో పళ్లు కట్టే పని చేసి, ఇక్కడే స్థిరపడి, మా సంఘంలో చేరి, మా తోటలోనే సమాధి అయ్యాడు. అలాంటి కుటుంబాలు ఒకప్పుడు ఇక్కడ కొన్ని ఉండేవి. ఆంటీ పుట్టింది, పెరిగింది, చదివింది అంతా ఇక్కడే. ఇంట్లో వాళ్ల భాష మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. నా జుట్టు పదిహేనేళ్లుగా ఆమే కత్తిరిస్తోంది. ఆ కుర్చీలో కూర్చుని నేను చెప్పే ఫిర్యాదులు వింటూ మధ్యలో తల నొక్కి "కదలకు, చెవి తెగుతది" అనడం ఆమె అలవాటు.

ఆ రోజు నేను మొదలుపెట్టకముందే ఆమె మొదలుపెట్టింది.

"కరుణా, మీ కమిటోళ్లు మా నాయినను మాయం జేసిండ్రు."

"ఏమైంది ఆంటీ?"

"ఏమైతది? నోటీసు పెట్టిండ్రు గద. రిజిస్టర్ల పేరుంటేనే కుటుంబం జాగ అంట. లేకుంటే వారసులు లేనోళ్ల లెక్కల రాసి వేరేటోళ్లకు ఇస్తరంట. పోయి చూస్తే మా నాయిన పేరు లేదు. రెండు ప్రశ్న గుర్తులు పెట్టి కూసున్నరు!"

నోటీసు సంగతి నాకు తెలుసు. తోటలో చోటు అయిపోయింది. కుటుంబ సమాధి ఉన్నవాళ్లు దాన్ని తెరిచి అందులోనే మరొకరిని పెట్టుకోవచ్చు. ఇది మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అయితే ఆ నెల చివరి శనివారం ఒంటిగంట లోపల రాయి మీది పేరు, రిజిస్టరులోని పేరు ఒకటేనని చూపించాలి. దొంగ దరఖాస్తులు వస్తున్నాయని, కొత్తగా పేర్లు ఎక్కించడం పూర్తిగా ఆపేశారు. ఉన్న పేరే ఉండాలి.

"అమ్మ అదే సమాధిల ఉంది, నాయిన పక్కన. రాయి మీద నాయిన పేరొక్కటే. నేను సుత ఆడనే పండాలె" అంది ఆంటీ, కత్తెర ఆపి. "నాకు పిల్లల్లేరు, జెల్లల్లేరు. నాకున్న జాగ గదొక్కటే. అది సుత గుంజుకుంటే నన్ను ఏడ పెడ్తరు? నీ డేటాబేస్ల పెడ్తవా?"

అద్దంలో ఆమె నవ్వుతూనే ఉంది. సగం కత్తిరించిన జుట్టుతోనే నేను లేచి, "ఇది latin1 చేసిన పని. నేను 2016లోనే చెప్పాను" అన్నాను.

"నువ్వు చెప్పినవ్, మంచిదే. ముందు కూసో, గిట్ల సగం తలతోని పోతే నా పార్లర్ పేరు పోతది."

గురువారం సెలవు పెట్టి తోట ఆఫీసుకు వెళ్లాను. మాస్టారు తల ఎత్తి చూసి, "మళ్లీ నువ్వేనా అమ్మా" అన్నారు. ఈ 'మళ్లీ'ని నేను రాసిపెట్టుకున్నాను. కంప్యూటరు చూడనివ్వడానికి మాత్రం అభ్యంతరం చెప్పలేదు.

చైనా వరసలో తొమ్మిది రాళ్లు. ఐదింటి మీద ఇంగ్లీషులో కూడా పేరుంది కాబట్టి అవి బాగానే ఉన్నాయి. మిగతా నాలుగింటి మీద చైనా అక్షరాలు మాత్రమే. 2016లో ఆంటీ వాళ్ల అన్నయ్య రెండు రోజులు కూర్చుని ఆ నాలుగు పేర్లను, సంవత్సరాలను రాళ్ల మీద ఉన్నట్టే తమ లిపిలో ఎక్కించాడు. ఆయనకు చదవడం, రాయడం వచ్చు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు తెర మీద ఆ నాలుగు వరసల్లో పేరు దగ్గర ??, సంవత్సరం దగ్గర ??, ఇంకేమీ లేదు.

మా వృత్తిలో తెర మీద కనబడేదాన్ని నమ్మకూడదు. ప్రశ్నార్థకం రెండు రకాలుగా వస్తుంది. లోపల అక్షరం క్షేమంగా ఉండి, బయటికి వచ్చే దారిలో పట్టిక కుదరక ప్రశ్నార్థకంగా కనబడితే అది వేషం, తీసేయొచ్చు. లోపలే ప్రశ్నార్థకం నిలవ ఉంటే ఆ అక్షరం పోయినట్టే. తేల్చుకోవడానికి, అక్షరాలు కాకుండా అసలు బైట్లనే చూపించమని డేటాబేస్‌ని అడుగుతాం. ప్రశ్నార్థకం బైటు 3F. అడిగాను. 3F 3F అని వచ్చింది, నాలుగు వరసల్లోనూ.

నిజం చెబుతాను, మొదట నాకు కలిగింది సంతోషం. ఏడేళ్ల తర్వాత నా మాట రుజువైంది. "చూశారా మాస్టారూ?" అని ఉపన్యాసం అందుకోబోయాను. అప్పుడు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న లిల్లీ ఆంటీ అడిగింది, "దొరికిండా?" అని. ఉపన్యాసం మానేశాను.

మళ్లీ ఆ 3F 3F వైపు తిరిగాను. చూడగా చూడగా ఒక సంగతి తట్టింది. latin1 వల్ల అక్షరాలు పోతే, ఒక్కో చైనా అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం మిగలాలి.

"ఆంటీ, మీ నాన్నగారి పేరులో ఎన్ని అక్షరాలు?"

"మూడు. ఇంటిపేరొకటి, మా తాత పెట్టినయి రెండు."

మూడక్షరాల పేరుకు మూడు మిగలాలి. సంవత్సరానికి ఇంకా ఎక్కువ మిగలాలి. ఇక్కడ పేరుకైనా, సంవత్సరానికైనా, నలుగురికీ సరిగ్గా రెండేసి. యంత్రానికి అంత సమభావం ఉండదు. ఇది మనిషి చేతి పని. ఎప్పుడు జరిగిందో చూశాను. 2020లో, ఒకే మధ్యాహ్నం, పది నిమిషాల్లో, నాలుగు వరసలూ మారాయి.

"2020లో ఈ పేర్లు ఎవరు మార్చారు మాస్టారూ?"

"మార్చడమేమిటి? దిద్దించాను" అన్నారాయన, ఎంతో హుందాగా. "కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు మొత్తం ప్రింటు తీయించి నేనే ఆసాంతం చదివాను. మూడు వందల పేజీలు. ఈ నాలుగు చోట్ల పేర్లు కావు, పురుగులు పాకినట్టు ఏవో టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. అర్థంకాని చోట రెండు ప్రశ్నార్థకాలు పెట్టడం నా పద్ధతి."

"రెండెందుకండీ?"

"ఒకటి పెడితే పిల్లవాడు చూడడమ్మా. ముప్పై నాలుగేళ్లు పేపర్లు దిద్దినవాణ్ణి."

టైపు చేసే ఆవిడ ఆ ఎర్ర గుర్తులను అచ్చంగా కంప్యూటరులోకి ఎక్కించింది. అదీ జరిగింది.

నాకు కోపం రావాల్సింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. టోపీ అక్షరాలంటే ఏమిటో మా వృత్తిలో ఎవరికైనా తెలుసు. ఒక చైనా అక్షరానికి సాధారణంగా మూడు బైట్లు కావాలి. ఇంగ్లీషు పట్టిక ఉన్న డేటాబేస్ ఆ మూడింటినీ మూడు విడి అక్షరాలనుకుని é, å, ¤ లాంటివి చూపిస్తుంది. చూడటానికి చెత్తలా ఉంటుంది, కానీ ఒక్క బైటు కూడా పోదు. చెత్తలా కనబడుతున్న పేరు బతికే ఉంది. శుభ్రంగా కనబడుతున్న రెండు ప్రశ్నార్థకాలే దాన్ని చంపాయి. అంటే 2020 ముందటి కంప్యూటరు దొరికితే లిల్లీ ఆంటీ నాన్న దొరుకుతాడు.

"పాత కంప్యూటరు ఎక్కడుంది?"

మాస్టారు తెలియదన్నారు. బయట మొక్కలకు నీళ్లు పెడుతున్న యాదయ్యను పిలిచారు. తోట కావలి, సమాధుల తవ్వకం, మొక్కల పెంపకం అన్నీ ఆయనే.

"పాత డబ్బనా? యాడికి పోలే మేడం. పారెయ్యమన్నరు గని మంచి ఇనుము గద అని ఉంచిన. దాని మీద నీళ్ల కుండ పెట్టిన."

"కుండా?"

"ఎత్తు సరిగ్గ సరిపోయింది."

గది వెనక చూస్తే నిజంగానే CPU మీద కుండ, కుండ మీద మూత, మూత మీద గ్లాసు. మూడు ఎండాకాలాలు కుండ చెమర్చిన నీళ్లు దాంట్లోకి కారాయి. పైరేకు తుప్పు పట్టి చేతికి ఊడొచ్చింది. లిల్లీ ఆంటీ వంగి చూసి, "మా నాయిన ఇండ్ల ఉన్నడా?" అంది.

"ఉండాలి ఆంటీ."

"సల్లగ ఉన్నడు తియ్, పైన కుండ సుత ఉంది."

యాదయ్య గిల్టీగా నవ్వాడు. నేను పెట్టె విప్పి హార్డ్ డిస్క్ తీశాను. అది కింది మూలన, నీళ్ల బొట్లు పడని వైపు ఉంది. ఇందులో నా ప్రతిభేమీ లేదు.

శుక్రవారం మా యాప్రాల్ ఇంట్లో దాన్ని నా కంప్యూటరుకు తగిలించాను. మొదటి రెండుసార్లు టిక్కు టిక్కుమని ఆగిపోయింది. మూడోసారి తిరిగింది. మొదట చేసిన పని మొత్తం డేటాబేస్‌ని నకలు తీయడం. మా వృత్తిలో అసలు మీద చెయ్యి వేసేవాడు మూర్ఖుడు, నకలు మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు. నకల్లో ఆ నాలుగు వరసలు తెరిచాను. టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. అంత అందమైన చెత్త నేను ఎప్పుడూ చూడలేదు.

దీనికి మందు రెండు మోతాదులు. నేరుగా "దీన్ని utf8లోకి మార్చు" అంటే డేటాబేస్ ఆ టోపీ అక్షరాలనే శ్రద్ధగా మార్చి పెడుతుంది, ఒక చెత్త పోయి ఇంకో చెత్త వస్తుంది. అందుకని ముందు "ఇవి అక్షరాలు కావు, ఊరికే బైట్లు" అని దానికి నచ్చజెప్పాలి. అక్షరాల సంగతి మరిచిపోయాక, "ఇప్పుడు ఈ బైట్లను utf8గా చదువు" అనాలి. రెండూ చేశాను. టోపీలు మాయమై తెర మీద చైనా అక్షరాలు వచ్చాయి. వెంటనే ఆంటీకి ఫోన్ చేశాను.

"దొరికాడు ఆంటీ!"

"తిన్నడా?" అంది.

శనివారం ఉదయం పది గంటలకు విజేతలా తోట ఆఫీసుకు వెళ్లాను. పాత ఫైలు కూడా పట్టుకెళ్లాను, ఉత్తరం నకలు అవసరమవుతుందేమోనని. సరిచేసిన వరసలను ఆఫీసు కంప్యూటరులో ఎక్కించి, ప్రింటు తీసి, మాస్టారు ముందు పెట్టాను. ఆయన చదవలేరు కదా, సంతకం పెట్టేస్తారనుకున్నాను.

ఆయన సంతకం పెట్టలేదు. సొరుగులోంచి నాలుగు తెల్ల కాగితాలు తీశారు. పొద్దున్నే వచ్చి రాళ్ల మీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, చెక్కిన అక్షరాల అచ్చు తీసుకున్నారట. పిల్లలు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దినట్టు. ఆ అచ్చుల పక్కన నా ప్రింటు పెట్టి, ఎర్ర పెన్ను మొనతో ఒక్కో గీతా పోల్చడం మొదలుపెట్టారు. మొదటి రాయి సరిపోయింది. రెండోది, మూడోది కూడా సరిపోయాయి. నాలుగోది లిల్లీ ఆంటీ నాన్నగారిది.

"కరుణమ్మా, ఇక్కడ మూడు ఉండాలి. నువ్వు ఒకటే రాశావు."

"ఏమిటండీ?"

"మూడుకి ఒకటి. రెండు మార్కులు పోయాయి."

చూశాను. నిజమే. ఇంటిపేరు అక్షరం ఉంది, తర్వాత ఏమీ లేదు. సంబరంలో నేను పేర్లు వచ్చాయా అని చూశాను కానీ, పూర్తిగా వచ్చాయా అని చూడలేదు. టైము పదిన్నర. ఒంటిగంటకు జాబితా మూసేస్తారు.

ఆంటీ స్టూలు మీంచి అంది, "పరేషాన్ గాకు. ఆ నడిమి అక్షరం ఎప్పుడు గట్లనే. మా తాత జాతకాలు చూపిచ్చి ఎవ్వరికి లేని అక్షరం ఏరి తెచ్చి పెట్టిండంట. మా నాయిన పేరు రాయనీకి బళ్లె పంతుళ్లకు సుత రాకపోయేదంట. మా అన్న గీ కంప్యూటర్ల దాన్ని వెతికి పట్టనీకి పూటంత పట్టింది. నేను రెండు సార్లు చాయ్ తాగొచ్చిన."

ఎవ్వరికీ లేని అక్షరం! అప్పుడు వెలిగింది. మేము వాడే ఆ డేటాబేస్‌లో utf8 అనే పేరుతో ఉన్న పట్టిక నిజానికి పూర్తి utf8 కాదు. ఒక్కో అక్షరానికి మూడు బైట్ల వరకే చోటిస్తుంది. మామూలు చైనా అక్షరాలన్నీ అందులో పడతాయి. అరుదైన వాటికి నాలుగు బైట్లు కావాలి. వాటి కోసం utf8mb4 అని వేరే పట్టిక ఉంది. నాలుగో బైటు ఎదురవగానే నా utf8 అక్కడితో ఆగిపోయి, ఆ అక్షరాన్నీ దాని వెనకున్నదాన్నీ వదిలేసి, ఒక చిన్న వార్నింగు రాసుకుంది. ఆ వార్నింగు నేను చదవలేదు. పద్దెనిమిదేళ్ల సర్వీసు.

నకలు ఉంది కాబట్టి మళ్లీ మొదటినుంచి చేశాను. ఈసారి utf8mb4 పెట్టాను, టేబుల్‌కి ఒకసారి, డేటాబేస్‌కీ ప్రోగ్రాముకీ మధ్య ఉండే కనెక్షన్‌కి ఇంకోసారి. రెండో చోట మరిచిపోతే ఇల్లంతా సరిచేసి గుమ్మం దగ్గర జారిపడినట్టే. వార్నింగులు వేళ్లతో లెక్కపెట్టాను. సున్నా. బైట్లు అడిగాను. మూడు, నాలుగు, మూడు. మొత్తం పది. మధ్య అక్షరం తెర మీద ఖాళీ డబ్బాలా కనబడింది. ఆంటీ ముఖం చిన్నబోయింది. అది ఆ కంప్యూటరులో ఆ అక్షరానికి ఫాంటు లేకపోవడం వల్లే, పేరు లోపల క్షేమమని చెప్పి, ఫాంటు ఎక్కించాను. డబ్బా స్థానంలో గీతలు గీతలుగా ఒక చిన్న మేడలాంటి అక్షరం నిలబడింది.

ఇంకో ప్రింటు తీశాను. మాస్టారు పెన్సిలు అచ్చు పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి పోల్చారు. మధ్య అక్షరానికి మాత్రమే ఐదు నిమిషాలు పట్టింది.

"మూడుకి మూడు" అన్నారు.

పన్నెండుంబావు అయింది. ఆయన సంతకం పెడుతుంటే, ఊరికే కూర్చోలేక నా ఫైల్లోని పాత ఉత్తరం తీశాను. చదివి వినిపిద్దామనే ఉద్దేశం. మొదటి పేజీ చివర నా చేతిరాతతో, కింద గీత గీసి ఉంది: "క్యారెక్టర్ సెట్ తప్పనిసరిగా utf8 పెట్టవలెను."

utf8. mb4 కాదు.

ఒకటికి రెండుసార్లు చదివాను. 2016లో కమిటీ నా మాట విని ఉంటే, ఆంటీ అన్నయ్య పూటంతా కష్టపడి ఎక్కించిన ఆ పేరు ఎక్కించిన క్షణంలోనే ఇంటిపేరు దగ్గర తెగిపోయేది. తెగిన ముక్క ఏ కంప్యూటరులోనూ, ఏ కుండ కిందా దొరికేది కాదు. బావమరిది పెట్టిన latin1కి చైనా భాష అంటే ఏమిటో తెలియదు. తెలియదు కాబట్టి ఏదీ సరిచేయబోలేదు. ఇచ్చిన పది బైట్లనూ పదిగానే, అర్థంకాని మూటలా దాచిపెట్టింది. ఏడేళ్లు నేను తిట్టిన పట్టికే పేరును కాపాడింది. నా సలహాను పట్టించుకోకపోవడం వల్ల ఒక మనిషికి మేలు జరిగిందని తెలుసుకోవడం ఎంత కష్టమో, సలహాలిచ్చే అలవాటున్నవాళ్లకే తెలుస్తుంది.

"ఏమిటమ్మా అది?" అన్నారు మాస్టారు, ఉత్తరం వైపు చూసి.

దాచేద్దామనిపించింది. కానీ ఆయన పొద్దున్నే వచ్చి రాళ్ల మీద మోకాళ్లు ఆన్చి అచ్చులు తీసిన మనిషి. ప్యాంటు మోకాళ్ల దగ్గర ఇంకా మట్టి ఉంది. చెప్పేశాను, అక్షరం పొల్లుపోకుండా.

ఆయన శ్రద్ధగా విని, ఉత్తరం తీసుకుని, ఎర్ర పెన్నుతో utf8 పక్కన mb4 అని చేర్చి, మార్జిన్‌లో తన పొట్టి సంతకం పెట్టి తిరిగిచ్చారు. తర్వాత, తాను ప్రశ్నార్థకాలు పెట్టిన పాత ప్రింటు వెతికి తెప్పించి, ఆ నాలుగు చోట్లా అదే పెన్నుతో 'పొరపాటున దిద్దడమైనది' అని రాశారు. నోటితో మాత్రం నాకూ ఆంటీకీ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అది నేను గమనించలేదని ఎవరూ అనుకోవద్దు.

ఒంటిగంటకు పది నిమిషాల ముందు జాబితాలో లిల్లీ ఆంటీ కుటుంబ సమాధి నమోదైంది. ఆమె ఆ కాగితాన్ని తీసుకుని, మమ్మల్ని వెంటబెట్టుకుని చైనా వరసకు నడిచింది. కాగితం రాయి పక్కన పట్టుకుని, చదవడం రాని ఆ మూడు అక్షరాలనూ ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి వేలితో తాకుతూ పోల్చుకుంది. కళ్లు తుడుచుకుంది. మరుక్షణమే సమాధి చుట్టూ తిరిగి, ఇల్లు చూడటానికి వచ్చిన మనిషిలా అటూ ఇటూ పరిశీలించింది.

"యాదయ్యా, గీ దిక్కుకు ఒక చెట్టు పెట్టు. మాపటి ఎండ నాకు పడదు."

"ఇప్పుడే ఏం తొందరమ్మా?" అన్నాడు యాదయ్య.

"నాకేం తొందర? చెట్టుకు పెరగనీకి టైం గావాలె గద."

మాస్టారు నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. యాదయ్య మధ్యాహ్నమే వెళ్లి వేపమొక్క తెస్తానన్నాడు. ఆంటీ వద్దంది, ఆకులు రాలి జుట్టు నిండా పడతాయట.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు సంగతులు మారాయి. ఎవరైనా "డేటా చెత్తగా ఉంది, శుభ్రం చేయాలి" అంటే ముందు వాళ్ల చేతులు కీబోర్డు మీంచి తీయిస్తాను. అర్థంకానిది పాడైనట్టు కాదు. మనకు చదవడం రాకపోయినంత మాత్రాన, రాసినవాడు తప్పు రాశాడని కాదు. ఇది మా కొత్త ఉద్యోగులకు మొదటిరోజే చెబుతాను, వాళ్లు నోట్సు రాసుకునేదాకా వదలను.

రెండోది, నేను చేసిన పనిని నేనే నమ్మడం మానేశాను. తర్వాతిసారి పార్లర్‌కి వెళ్లి, జుట్టు కత్తిరించుకుంటూ ఆంటీని ఒక అనుమతి అడిగాను. ఏ ఊళ్లో ఏ కంపెనీకి కొత్త డేటాబేస్ తయారుచేసినా, పరీక్ష కోసం అందులో మొదట ఎక్కించే పేరు వాళ్ల నాన్నది పెట్టుకోవచ్చా అని. ఆ మూడక్షరాలూ పది బైట్లుగా లోపలికి వెళ్లి, పది బైట్లుగా తిరిగొస్తే, ఇక ఎవరి పేరైనా క్షేమంగా తిరిగొస్తుంది.

"పెట్టుకో బేటా" అంది. "మా నాయినకు కొత్త కొత్త జాగలు జూసుడంటే మస్తు ఇష్టం."

ఇప్పటికి పదకొండు చోట్లు తిరిగొచ్చాడు. రెండు చోట్ల ఇంటిపేరు దగ్గరే ఆగిపోయాడు. ఆ రెండు చోట్లా పని పూర్తయిందని సంతకం పెట్టకుండా, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.